వల అచ్చు

ఏలూరు,
12 ఫిబ్రవరి 2025.

మెహర్‌కి ఆపా నుంచి బోలెడన్ని దీవెనలు.

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరం పడుకునే చదువు. వెలుతురు చాలట్లేదని కిటికీ దగ్గరికి లేచావో, నేనే గూడెం వచ్చి నిన్ను మంచానికి కట్టేస్తాను.

ఈ రోజుల్లో ఉత్తరాలేంటని మీ ఆయన నవ్వుతాడని తెలుసు. నవ్వనీ. నా చెవులు మందగించాయి, ఫోనులో నీ మాట సగమే వినపడుతుంది. నువ్వేమో గట్టిగా అరవకూడదాయె. పైగా మీ అత్తగారు పక్కనే కూర్చుంటే అక్కాచెల్లెళ్ళం ఏం మాట్లాడుకుంటాం? ఎలాగూ మీ ఉల్లిపాయల వ్యాను ఏలూరు వస్తూనే ఉంటుంది కదా, ఏసోబు చేతికి ఇచ్చేస్తున్నాను. "నేను డ్రైవర్నా, పోస్ట్‌మాన్‌నా అండీ?" అన్నాడు. టీ పోశాక జేబులో పెట్టుకున్నాడు.

నీ కూతురు ఫిర్దౌస్ బాగుంది. వీధి చివరి బడిలో మేడం మంచావిడ, పేరు రాయకుండానే కూర్చోబెట్టుకుంటోంది. ఇంటికి రాగానే మిషను కింద దూరి జాకెట్టు ముక్కలన్నీ ఏరుకుంటుంది. దానికి పట్టుముక్క వేరు, పాలిస్టరు వేరు అని తెలిసిపోయింది. మొన్న వీరదుర్గగారు జాకెట్టు ఆదికి వస్తే, "ఆంటీ, మీరు లావయ్యారు, ఖాలా విప్పి కుట్టాలి" అంది. ఎదురింటావిడ కాబట్టి నవ్వి ఊరుకుంది గానీ, ఇంకొకరైతే గిరాకీ పోయేది.

దింపి వెళ్ళేటప్పుడు కారులోంచి తల బయటపెట్టి "ఆపా, తిట్టు గానీ కొట్టకు" అన్నావు. నవ్వుతూనే అన్నావులే. తిట్టడానికి కూడా సందు దొరకట్లేదమ్మా, అంత మాటలపుట్ట. అమ్మీ పోయాక ఈ ఇంట్లో రెండు కంచాలు కడగడం ఇదే మొదలు. కడిగి బోర్లించినప్పుడల్లా కాసేపు చూస్తూ నిలబడుతున్నాను. పిచ్చిదాన్ననుకోకు.

ఆదివారం మీ ఆయన రిజ్వాన్ వచ్చి పిల్లని నీ దగ్గరికి తీసుకొస్తానన్నాడు. దానికి కొంచెం జలుబు చేసింది, ఒళ్ళు కాస్త వేడి తగిలింది. పంపడం మానేద్దామా అంటే ఒకటే ఏడుపు. సరే, పంపిస్తున్నాను. దానికి మధ్యాహ్నం పెరుగు పెట్టకు.

నీ పొట్టలో ఉన్న బిడ్డకి కూడా నా దీవెనలు.

మీ ఆపా,
ఆబిదా

తాడేపల్లిగూడెం,
17 ఫిబ్రవరి 2025.

ఆపా,

నీ ఉత్తరం పడుకునే చదివాను. జవాబు కూడా పడుకునే రాస్తున్నాను, అందుకే అక్షరాలు గోడెక్కుతున్నాయి.

నిన్నటి ఆదివారం ఎంత బాగుందో చెప్పలేను. ఫిర్దౌస్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా పక్కలోనే ఉంది. నా కంచంలోనే తింది. నా మెడ మీదే తుమ్మింది. ముక్కు తుడిచి తుడిచి నా ఓణీ ముద్దయిపోయింది. రెండుసార్లు నన్ను, పెద్దమ్మవి నిన్ను పిలిచినట్టే, "ఖాలా" అని పిలిచి నాలిక కరుచుకుంది. నవ్వాను గానీ ఆపా, అది వెళ్ళిపోయాక ఏడ్చాను. నువ్వు ఏమీ అనుకోకు. మంచం మీద పడి ఉన్నదానికి ప్రతిదానికీ ఏడుపొస్తుంది.

ఈ గది కిటికీలోంచి మార్కెట్టుకి వెళ్ళే లారీల మీది బస్తాలు తప్ప ఏమీ కనపడవు. ఆయన ఇంటికొస్తే ఉల్లిపాయల వాసన, ఆయన లేకపోతే ఫ్యాను చప్పుడు. అత్తగారు గంటగంటకీ రాగిజావ తెచ్చి, తాగేదాకా నిలబడతారు. మాటలు మాత్రం ఆడరు. పోయినసారీ, అంతకుముందుసారీ నిలవలేదు కాబట్టి ఈసారి నాతో మాట్లాడితేనే దిష్టి తగులుతుందని ఆవిడ భయం. నాలుగు నిండి ఐదో నెల వచ్చింది. ఈ బిడ్డ దక్కితే చాలు ఆపా, ఇంకేమీ అడగను. ఇది కూడా పోతే మళ్ళీ లేచి తిరిగే శక్తి నాకు లేదు.

ఏసోబు చేతికి చెగోడీలు పంపుతున్నాను. సగం వాడే తినేస్తాడు, అడిగి తీసుకో.

నీ చెల్లి,
మెహర్

తాడేపల్లిగూడెం,
25 ఫిబ్రవరి 2025.

ఆపా,

నిన్న ఆయన పనిమీద ఏలూరు వచ్చి మీ ఇంటికి వచ్చారు కదా. మీరిచ్చిన టీ తాగి, ఫిర్దౌస్‌ని ఫొటో తీసుకుని వచ్చారు. ఆ ఫొటో నాకు చూపించడానికి రాత్రంతా ఆలోచించి, పొద్దున చూపించారు.

రెండు చెంపలూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అటొకటి ఇటొకటి వాయిస్తే ఎలా ఉంటుందో అలాగే ఉన్నాయి. ఎండకి కందిందా అంటే ముక్కు, నుదురు మామూలుగానే ఉన్నాయి. అత్తగారు ఫొటో చూసి, "ఏం మాటలమ్మా, చేతి దెబ్బ తెలీదా మాకు?" అన్నారు. నేను తల దించుకున్నాను.

మీరు చెయ్యి చేసుకున్నారా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

నాకు నాలుగేళ్ళప్పుడు, గుండుగొలనులో మన వలల కొట్టులో, మీరు నా చెంపలు వాయించి వలలో చుట్టి పడేశారని అమ్మీ ఎన్నిసార్లు చెప్పిందో. నాకు జ్ఞాపకం లేదు. అప్పటికి ఆపా కూడా చిన్నపిల్లే, విసిగి కొట్టి ఉంటుందిలే అనుకున్నాను. అమ్మీ లేదు, నేను లేవలేను, ఇంకెవరూ లేక దాన్ని మీ దగ్గర వదిలాను. అది కూడా తప్పేనా?

మెహర్

ఏలూరు,
25 ఫిబ్రవరి, సాయంత్రం.

మెహర్,

నన్ను "మీరు" అన్నావు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా అన్నావా?

నేను కొట్టలేదు. నిన్న పొద్దున నిద్ర లేచేసరికే దాని చెంపలు అలా ఉన్నాయి. జ్వరం లేదు, నొప్పి లేదు, గంతులేస్తోంది. దోమలేమో అనుకుని కొబ్బరినూనె రాశాను. రిజ్వాన్ ఫొటో తీస్తుంటే ముద్దొచ్చి తీస్తున్నాడనుకుని జుట్టు కూడా సవరించాను. నా ఇంట్లో కూర్చుని, నా టీ తాగి, నన్ను ఒక్క మాట అడగకుండా వెళ్ళాడు చూడు, అది బాగా తగిలింది.

దాన్నే అడగండి. ఆరేళ్ళ పిల్ల, నోరు ఉంది. కాకపోతే, "ఖాలా కొట్టలేదు" అంటే భయపడి చెప్పిందంటారు. నాకు తెలుసు ఆ వరస.

రేపు డాక్టరుకి చూపించి అప్పుడు రాస్తాను.

ఆబిదా

ఏలూరు,
27 ఫిబ్రవరి 2025.

మెహర్,

నా కోపం సంగతి తర్వాత. ఇది జాగ్రత్తగా చదువు. చదివాక రిజ్వాన్‌కి ఇవ్వు, వెంటనే మీ డాక్టరమ్మకి చూపించండి.

నిన్న పొద్దున స్నానం చేయిస్తుంటే ఫిర్దౌస్ జబ్బల మీద, తొడల మీద అచ్చులు కనపడ్డాయి. ఎర్రటి గీతలు, ఒకదాన్నొకటి కలుపుకుంటూ, మధ్యలో కన్నులు కన్నులుగా. వల పరిచి నొక్కితే పడే అచ్చులాగే.  చిన్నప్పుడు నీ ఒంటి మీద చూసిన అచ్చు అది. చెంబు చేతిలోనే ఉండిపోయింది, పిల్ల "ఖాలా, నీళ్ళు పొయ్యి" అంటోంది. ఆ మాట తర్వాత. ముందు డాక్టరు అఖిలగారు చెప్పింది రాస్తాను.

పిల్లల డాక్టరు ఆవిడ. గదిలోకి అడుగుపెట్టగానే ఫిర్దౌస్ మొహం చూసి, "ఈమధ్య జలుబు చేసిందా అండీ?" అని అడిగింది. చేసిందన్నాను. చేతులు చూపించమంది. చూసి, ఇది అంటుజబ్బు, ఫిఫ్త్ డిసీజ్ అంటారు, ఇప్పుడు బళ్ళన్నిటిలో తిరుగుతోంది అంది. చెంపదెబ్బ తిన్నట్టు కనపడుతుంది కాబట్టి ఇంగ్లీషులో చెంపదెబ్బ జబ్బు అని కూడా పిలుస్తారట. డాక్టర్లే అలా పేరు పెట్టారంటే ఎంతమంది పెద్దవాళ్ళు తిట్లు తిన్నారో.

పిల్లకి ఏ భయమూ లేదు. మందు కూడా అక్కర్లేదు. ముందు మామూలు జలుబులా వస్తుంది, తర్వాత వారానికి చెంపలు ఎర్రబడతాయి, ఆపైన ఒంటి మీద ఆ అచ్చు. తగ్గిపోయిందనుకున్నాక కూడా ఎండలో ఆడినా, వేడినీళ్ళు పోసినా మళ్ళీ తేలుతుందట. కొన్ని వారాలు అలా వస్తూ పోతూ ఉంటుంది.

ఇక్కడే ఉంది అసలు సంగతి. దద్దురు కనపడ్డాక ఇది ఇంకొకరికి అంటదట. అంటుకునేదంతా అంతకుముందు, జలుబుగా ఉన్నప్పుడేనట. తుమ్ములతో, తుంపరలతో. అంటే నీ పక్కలో పడుకున్న ఆ ఆదివారం.

"ఇంట్లో గర్భవతులు ఎవరైనా ఉన్నారా అండీ?" అని అడిగింది. నీ సంగతి చెప్పాను. ఎక్కువమందికి ఏమీ కాదండీ, కంగారు పడకండి, కానీ కొందరికి కడుపులో బిడ్డకి రక్తం తగ్గిపోయే ప్రమాదం ఉంది, అందుకని తల్లికి రక్తపరీక్ష చేయించాలి అంది. చిన్నప్పుడు ఎప్పుడైనా ఈ జబ్బు వచ్చిపోయి ఉంటే రక్తంలో తెలుస్తుందట, అప్పుడు బిడ్డకి భయం లేదట. రాకపోయి ఉంటే వారం వారం స్కానింగు చేసి కనిపెట్టుకుని ఉంటారట.

జలుబే కదా అని పంపించాను మెహర్. నాకు తెలిస్తే ఏడ్చినా పంపేదాన్ని కాదు.

ఆబిదా

తాడేపల్లిగూడెం,
1 మార్చి 2025.

ఆపా,

రక్తం తీసుకున్నారు. ఇక్కడ చెయ్యరట, హైదరాబాదు పంపారు. వారం పైనే పడుతుందన్నారు. స్కానింగులో ఇప్పటికి బాగానే ఉంది, కానీ "ఇప్పటికి" అంటే ఏంటని అడిగితే డాక్టరమ్మ రిజ్వాన్ వైపు చూసింది.

కొట్టలేదు, సరే. ఒప్పుకుంటున్నాను. దాని బదులు కొట్టినా బాగుండేది ఆపా. కొడితే చెంపలే కందేవి. జలుబుతో ఉన్న పిల్లని, ఒళ్ళు వేడిగా ఉందని నువ్వే రాసి, నా దగ్గరికి పంపావు. నేను మంచం మీద ఎందుకు పడి ఉన్నానో నీకు తెలియదా? పిల్లలున్నవాళ్ళకైతే ఇది తట్టేది. ఈ మాట రాశాక గీత పెట్టి కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను.

రేపు ఆయన వచ్చి ఫిర్దౌస్‌ని తీసుకెళ్తారు. ఈ ఇంట్లోకి రానివ్వనని అత్తగారు కూర్చున్నారు, అందుకని అత్తిలిలో మా ఆడపడుచు ఇంట్లో ఉంచుతారు. వాళ్ళకీ చిన్నపిల్లలున్నారు కాబట్టి మేడమీద గదిలో విడిగా ఉంచుతామన్నారు. అంటదని డాక్టరు చెప్పిందని నేనన్నాను. "ఒంటినిండా దద్దురు కళ్ళకి కనపడుతుంటే అంటదంటావేంటి?" అన్నారు. నాకు వాదించే ఓపిక లేదు.

రిపోర్టు వచ్చేదాకా నాకు రాయకు. నీ అక్షరాలు చూస్తే గుండె దడ వస్తోంది.

మెహర్

ఏలూరు,
6 మార్చి 2025.

మెహర్,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. ఇష్టం లేకపోతే చింపెయ్. నా గురించి కాదు, పిల్ల గురించి.

రిజ్వాన్ వచ్చాడు. గడప దాటలేదు. "ఏమనుకోకండి ఆపా" అన్నాడు, నేల చూసుకుంటూ. ఫిర్దౌస్ మిషను కాళ్ళు పట్టుకుని రానంది. విడిపించింది నేనే. ఒక్కొక్క వేలూ తీశాను. "నేనేం తప్పు చేశాను ఖాలా?" అని అడిగింది. 

దాన్ని మేడమీద ఒక్కదాన్నే పెట్టొద్దు. అంటుకునే రోజులు అయిపోయాయి. ఆ పిల్ల ముక్కు చీదుతున్నప్పుడు అందరూ ఎత్తుకున్నారు, ఇప్పుడు దాని వల్ల ఎవరికీ ఏమీ కాని రోజున అందరూ దూరం జరిగారు. అఖిలగారి నంబరు వెనక రాశాను, మీ ఆడపడుచు చేత మాట్లాడించు. ఇంకొకటి. అత్తిలిలో ఎండలో ఆడిందంటే ఆ అచ్చు మళ్ళీ తేలుతుంది. అప్పుడు అక్కడ ఎవరు దాని పక్కన ఉంటే వాళ్ళని పట్టుకుని ఏం చేశావని అడగొద్దని చెప్పు.

ఎందుకంటే నన్ను అడిగారు.

నీకు జ్ఞాపకం లేదన్నావు. నాకు ఉంది. అబ్బాజాన్ కొల్లేరు చెరువులకి వలలు అమ్మే రోజులు. కొట్టు వెనక వలల కుప్పల మీద నిన్ను ఆడించడం నా పని. నాకు పదమూడేళ్ళు. ఒకరోజు పొద్దున నీ చెంపలు అలా ఉన్నాయి. అమ్మీ నన్ను ఊరికే ఒక చూపు చూసింది, అంతే. తర్వాత జబ్బల మీద అచ్చు తేలింది. కనకరాజు అని, వలలు కొనడానికి కొల్లేరు నుంచి వచ్చే ఆయన కొట్టులోనే ఉన్నాడు. నీ చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసి, "ఇది సన్నకన్ను వల అచ్చండీ మొహిద్దీన్‌గారూ, గట్టిగా చుట్టి బిగించారు పిల్లని" అన్నాడు. చెడ్డవాడు కాదు. పుట్టినప్పటి నుంచీ వలలే చూసిన మనిషి. ఆయన చెప్పాక ఇక నా మాట ఎవరు వింటారు?

కాదన్నాను. ఏడ్చాను. ఒట్లు వేశాను. అచ్చు పోయింది, అందరూ మర్చిపోయారు. నువ్వు ఎండలో ఆడి వచ్చావు, మళ్ళీ తేలింది. "మళ్ళీ చేశావా?" అన్నారు. నీకు వేడినీళ్ళు పోశారు, మళ్ళీ తేలింది. ఆ పూట నేను నీ దగ్గరే లేను, పంపు దగ్గర బట్టలు ఉతుకుతున్నాను. అయినా అబ్బాజాన్ వచ్చి నా ఎదురుగా కూర్చుని, "నిజం చెప్పు బేటీ, ఏమీ అనను" అన్నాడు. ఆయన గొంతు ఎంత మెత్తగా ఉందంటే, ఇక ఉండలేకపోయాను. కొట్టానన్నాను. వలలో చుట్టానన్నాను. ఎందుకు చుట్టావు అంటే, ఏడుస్తుంటే కోపం వచ్చిందన్నాను. కథంతా నేనే అల్లి ఇచ్చాను. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

అప్పటి నుంచి నిన్ను నా పక్కలో పడుకోనివ్వలేదు. నిన్నే కాదు, ఎవరి పిల్లనీ. పెళ్ళిళ్ళకి వెళ్తే చంటిపిల్లలు ఒక ఒళ్ళోంచి ఇంకో ఒళ్ళోకి వెళ్తూ, నా దగ్గరికి వచ్చేసరికి పక్కకి తిరిగేవారు. భీమడోలు సంబంధం ఎందుకు తప్పిపోయిందో నీకు తెలియదు. ఆయనకి మొదటి భార్య పోయింది, ఇద్దరు పిల్లలు. నాకు ఇష్టమే. వద్దన్నది అమ్మీ. "తల్లి లేని పిల్లలు, దీని చేతిలో ఎలా పెడతాం?" అంది. లోపల వంటింట్లో అప్పడాలు వేయిస్తూ విన్నాను. ఫిర్దౌస్ పుట్టుజుట్టు తీసిన అఖీఖా నాడు పెద్దమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి జుట్టు తీయించడం మన ఇంటి ఆనవాయితీ కదా. ఆ వేళకి నన్ను బిర్యానీ చూసి రమ్మన్నారు. వెళ్ళి చూశాను. బిర్యానీ బాగానే ఉంది.

అన్నిటికన్నా ఘోరం చెప్పనా? కొన్నేళ్ళకి నాకే అనుమానం వచ్చింది. కొట్టానేమో. కోపంలో చేసి మర్చిపోయానేమో. అందరికీ జ్ఞాపకం ఉన్నది నాకే లేకపోతే తప్పు నాదే కదా అనుకున్నాను. అందుకే ఫిర్దౌస్ ఇక్కడ ఉన్నన్నాళ్ళూ, అది అల్లరి చేస్తే నా చేతులు మిషను బల్ల కింద పెట్టుకునేదాన్ని. నమ్మకం లేక. నా చేతుల మీద నాకే.

నువ్వు రాసిన ఆ మాట నిజమే. పిల్లలుంటే తట్టేది.

ఉపవాసాలు మొదలయ్యాయి. నీకు ఎలాగూ లేవు, వేళకి తిను.

ఆబిదా

తాడేపల్లిగూడెం,
11 మార్చి 2025.

ఆపా,

రిపోర్టు వచ్చింది. నాకు ఆ జబ్బు ఎప్పుడో వచ్చిపోయిందట. కొత్తగా అంటుకోలేదు. బిడ్డకి దీని వల్ల భయం లేదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. అత్తగారు అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చారు. ఇన్నాళ్ళూ మాట్లాడని మనిషి, దారి పొడుగునా ఆటోలో మాట్లాడుతూనే ఉన్నారు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. నేను నిన్నే తలుచుకుంటున్నాను.

"ఎప్పుడు వచ్చి ఉంటుందండీ?" అని అడిగాను. "అది రక్తం చెప్పదమ్మా, చాలామందికి చిన్నతనంలోనే వస్తుంది, కొందరికి తెలియకుండానే పోతుంది" అంది. డాక్టరమ్మకి తెలియదు. నాకు తెలుసు. చెంపలు, ఆపైన జబ్బల మీద అచ్చు, ఎండకి ఒకసారి, వేడినీళ్ళకి ఒకసారి. నీ ఉత్తరం, అఖిలగారు చెప్పింది పక్కపక్కన పెట్టుకుని చదివాను. నువ్వు కొట్టలేదు ఆపా. వల ఎవరూ చుట్టలేదు. నాకు జబ్బు చేసింది, అంతే.

ఆ జబ్బు నాకు అప్పుడు రాకపోయి ఉంటే ఇప్పుడు నా బిడ్డ ఏమయ్యేదో. దాని బాకీ అంతా నీ చేత కట్టించాం. నేను రాసిన మాటలు గుర్తొస్తే ఒళ్ళు చచ్చిపోతోంది. పిల్లలున్నవాళ్ళకైతే తట్టేది అన్నాను. తుమ్ముతున్న కూతుర్ని రోజంతా మెడకి కావలించుకుని పడుకున్నది నేను, పిల్లలున్నదాన్ని. నాకు తట్టిందా?

ఫిర్దౌస్ నిన్న ఇంటికి వచ్చేసింది. అత్తిలిలో మేడమీద కిటికీ దగ్గర కూర్చుని కింద ఆడుకునే పిల్లలతో మాట్లాడేదట. ఇప్పుడు రాత్రిళ్ళు "ఇంకా అంటుతానా?" అని అడిగి మరీ నా పక్కలోకి వస్తోంది. ఒక్కదాన్నే పెట్టొద్దని నువ్వు రాసింది నేను వినలేదు.

ఈదు పండక్కి రా. ఆయన వచ్చి తీసుకొస్తారు, ఈసారి లోపలికి వచ్చి కూర్చుని అడుగుతారు. బిడ్డ పుట్టగానే మొట్టమొదట నీ చేతిలో పెడతాను. అందరి ముందూ పెడతాను. అత్తగారు కూడా సరేనన్నారు.

క్షమించానని రాయకపోయినా పరవాలేదు, ఏదో ఒకటి రాయి.

నీ మెహర్

ఏలూరు,
18 మార్చి 2025.

మెహర్‌కి,

బిడ్డ క్షేమమని చదివి, ఉత్తరం కళ్ళకద్దుకున్నాను. ఆ తర్వాతవన్నీ మర్నాడు చదివాను.

ఆలస్యం చేశానని కోపమనుకోకు. పండగ ఆర్డర్లు నెత్తి మీద ఉన్నాయి, అది సగం. మిగతా సగం, ఏం రాయాలో తెలియలేదు. "నువ్వు కొట్టలేదు" అని ఎవరైనా ఒక్కరు అంటే ఎగిరి గంతేస్తాననుకునేదాన్ని. నువ్వు అన్నావు. చదివి, మడిచి పెట్టి, హుక్కులు కుట్టుకున్నాను. సాయంత్రం ఉపవాసం విడిచే వేళ ఒక ఖర్జూరం, ఒక గ్లాసు నీళ్ళు ముందు పెట్టుకుని కూర్చుంటే, ఈ కబురు ఎవరికి చెప్పాలా అనిపించింది. అమ్మీకి చెప్పాలి. లేదు. అబ్బాజాన్‌కి చెప్పాలి. లేడు. ఆ కనకరాజు ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో. నన్ను అనుమానించిన వాళ్ళందరూ అనుమానంతోనే వెళ్ళిపోయారు.

చివరికి వీరదుర్గగారికి చెప్పాను. "పోనీలెండి ఆబిదాగారూ, ఇప్పటికైనా తెలిసింది" అంది. మంచి మాటే. కానీ ఆవిడ నన్ను ఎప్పుడూ అనుమానించలేదు. ఆవిడ నమ్మితే నాకు ఒరిగేదేముంది?

అమ్మీ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. చిన్నపిల్ల చెంపలు కందిపోయి ఉంటే ఏ తల్లయినా ఏమనుకుంటుంది? ఆ రోజుల్లో చెప్పేవాళ్ళెవరు? ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేకుండా పోయింది, అదే కష్టంగా ఉంది. నీ మీద కొంచెం ఉంది. అదీ తగ్గుతుందిలే.

ఈదుకి రాలేను. గిరాకీలున్నాయి. నిజం చెప్పాలంటే మీ అందరి మధ్యా కూర్చుని, అందరూ నన్ను కొత్తగా చూస్తుంటే సేమ్యా తినలేను. ఫిర్దౌస్‌కి గౌను కుట్టి ఏసోబుతో పంపుతాను. నువ్వు ఎవరికీ అంటవని దానికి రోజూ చెప్పు, అది అడగకముందే చెప్పు.

పురిటికి మాత్రం వస్తాను. మొట్టమొదట నా చేతిలో పెడతానన్నావు, అందరి ముందూ. వద్దు మెహర్. అందరూ నిలబడి చూస్తుంటే నా చేతులు వణుకుతాయి. మొదట మీ అత్తగారి చేతిలోనే పెట్టు, పెద్దావిడ, ఎదురు చూసింది.

తర్వాత ఏదో ఒక మధ్యాహ్నం, బిడ్డని నా పక్కన పడుకోబెట్టి, నువ్వు గదిలోంచి వెళ్ళిపో. తలుపు దగ్గర నిలబడకు. మంచినీళ్ళకనో, దుప్పటికనో వంక పెట్టుకుని తొంగి చూడకు. బిడ్డ ఏడిచినా రావద్దు. నేను ఎత్తుకుంటాను.

ఆపా